సినిమాలకు వయసు ముద్ర వేసేవాళ్ళకి ఒక తల్లి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

సెన్సారు బోర్డుల్లో కూర్చుని ఏ సినిమా ఏ వయసువాళ్ళు చూడొచ్చో తేల్చేవాళ్ళకి, ఓటీటీల్లో పిల్లల విభాగం చూసుకునేవాళ్ళకి కలిపే రాస్తున్నాను. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ ఉత్తరం మీకే. ముందే ఒక మాట చెప్పేస్తాను, ఫాంటసీలు ఆపేయమని అడగడానికి కాదు ఇది. నేను పెరిగిందే రాకుమారుల కథల మీద, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుల మీద. పిల్లలు పుట్టాక వాళ్ళతో పాటు నేనూ మళ్ళీ నోరు తెరుచుకుని చూస్తున్నాను. మా ఆయనకి సరిగ్గా డ్రాగన్ రెక్కలు విప్పే సీన్లోనే నిద్ర ముంచుకొస్తుంది, నాకు మాత్రం ఉన్న నిద్ర కూడా అక్కడే ఎగిరిపోతుంది. కాబట్టి ఈ కాలపు తల్లులకి అన్నీ భయాలే అని దీన్ని పక్కన పడేయకండి.

సంగతేంటంటే, పోయినేడాది పిల్లలిద్దర్నీ తీసుకుని ఒక యానిమేషన్ సినిమాకి వెళ్ళాం. పేరు చెప్పను, తీసినవాళ్ళ మీద నాకు కోపం లేదు, మంచి సినిమానే. అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు, అబ్బాయికి అయిదు నిండి ఆరు నడుస్తోంది. అన్ని వయసులవాళ్ళూ చూడొచ్చన్న సర్టిఫికెట్ చూసుకునే టికెట్లు తీసుకున్నాను. అందులో రక్తం లేదు, బూతు లేదు, ముద్దు లేదు, సిగరెట్ లేదు. మీ లెక్కలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మధ్యలో ఒక సీను ఉంటుంది, నిమిషం కూడా ఉండదు. శాపం తగిలిన రాణి రాయిగా మారిపోతుంది. వేళ్ళ చివర్లలో మొదలవుతుంది, బూడిద రంగు మెల్లగా మణికట్టు దాకా, మోచేతి దాకా పాకుతుంది, ఆవిడ కొడుకుని పట్టుకుందామని చెయ్యి చాపుతుంది, చాపిన చెయ్యి చాపినట్టే గట్టిపడిపోతుంది. ఆఖర్న కళ్ళు. అప్పటిదాకా మోగుతున్న సంగీతం కూడా ఆగిపోతుంది.

మావాడు ఏడవలేదు. నేను మోసపోయింది అక్కడే. అంతకుముందు కత్తి యుద్ధాలకి, కొండ చీల్చుకుని వచ్చిన రెండు తలల పాముకి చప్పట్లు కొట్టినవాడు ఆ తర్వాత కిక్కురుమనకుండా కూర్చున్నాడు, నేనేమో బాగా లీనమైపోయాడు అనుకున్నాను. ఇంటికొచ్చాం, పడుకున్నాం. రాత్రి రెండింటికి ఎవరో నా చెయ్యి నొక్కుతున్నట్టనిపించి మెలకువ వచ్చింది. చూస్తే చీకట్లో మంచం పక్కన నిలబడి నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మెత్తగానే ఉన్నాయా లేదా అని.

పదకొండు రాత్రులు అలా లేచి వచ్చాడు.

"అది నిజం కాదు నాన్నా, బొమ్మల సినిమా కదా" అన్నాను. "నాకు తెలుసమ్మా" అన్నాడు. నిజంగా తెలిసినవాడిలాగే అన్నాడు. కాసేపాగి, "మరి అయిపోతే?" అని అడిగాడు.

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు, నిద్ర ఎలాగూ పోయింది కదా అని, మీరు ఈ ముద్రలు ఎలా వేస్తారో వెతుక్కుంటూ చదివాను. చదివిన కొద్దీ ఒకటి అర్థమైంది. మీ దగ్గర ఫాంటసీకి ఒక డిస్కౌంట్ ఉంది. బ్రిటన్ బోర్డు మార్గదర్శకాల్లో, పెద్దవాళ్ళ తోడుతో పిల్లలు చూడొచ్చనే పీజీ విభాగంలో, భయపెట్టే సన్నివేశాల గురించి చెబుతూ కథ ఊహాలోకంలో జరిగితే దాన్ని తీవ్రత తగ్గించే అంశంగా తీసుకోవచ్చని ఏళ్ళ తరబడి రాసి ఉంది. అంటే మామూలు ఇంట్లో మామూలు తల్లికి ఏదైనా అయితే ఒక లెక్క, అదే కిరీటం పెట్టుకున్న తల్లికి కోటలో అయితే ఇంకో లెక్క. అమెరికా టీవీలో 1997 నుంచి పిల్లల కార్యక్రమాల మీద ఎఫ్‌వీ అనే రెండక్షరాలు వాడుతున్నారు, ఫాంటసీ హింస అని దానర్థం. సరే, అదైనా ఉంది కదా అనుకుందాం. కానీ మావాడు చూసిన సీన్లో హింస ఎక్కడుంది? ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. కత్తి లేదు, దెబ్బ లేదు. మీ జల్లెడలో హింసకి రంధ్రం ఉంది, రక్తానికి ఉంది, మాటలకి ఉంది. అమ్మ అమ్మలా ఉండటం మానేయడానికి లేదు.

ఈ డిస్కౌంట్ పెద్దవాళ్ళ బుర్రతో ఇచ్చింది. మనకి డ్రాగన్ అబద్ధం, దొంగ నిజం, కాబట్టి దొంగకే భయపడతాం. చిన్నపిల్లల దగ్గర ఇది చాలావరకు తలకిందులుగా ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోయాన్ కాంటర్ అనే ప్రొఫెసర్ తెర మీద పిల్లలు దేనికి జడుసుకుంటారన్నదే ఏళ్ళ తరబడి పరిశోధించారు. 1970ల చివర్లో టీవీలో హల్క్ సీరియల్ వచ్చేది, మామూలు మనిషి కోపమొస్తే పచ్చటి భారీకాయంగా మారి జనాన్ని కాపాడే కథ. కాపాడేవాడే కదా, పిల్లలు ఇష్టపడాలి. కానీ చిన్నపిల్లల్ని భయపెట్టేవి ఏవి అని తల్లిదండ్రుల్ని అడిగితే ఆ పేరు చాలామంది నోట వచ్చిందట. బడికి ఇంకా వెళ్ళని వయసు పిల్లలకి ఆ మారడమే భయం. చొక్కా చిరిగి, రంగు మారి, కళ్ళు మారిపోయాక లోపల అదే మనిషి ఉన్నాడన్నది వాళ్ళకి అంత తేలిగ్గా ఎక్కదు. వాళ్ళకి కంటికి కనిపించేదే మనిషి. కాస్త పెద్దయ్యాక, ఏడెనిమిదేళ్ళు దాటాక, భయం జరగడానికి వీలున్న వాటి మీదికి మళ్ళుతుంది.

మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. అదే సినిమా చూసిన మా అమ్మాయి ఇంటికొస్తూ అడిగిన ప్రశ్న, "రాణి రాయైపోతే రాజ్యం పనులు ఎవరు చూస్తారు?" అంతే, హాయిగా పడుకుంది. రెండు నెలల తర్వాత టీవీ వార్తల్లో వరదకి ఒక ఇల్లు కూలిపోవడం చూసి, మనది ఎన్నో అంతస్తు, నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయి అని వారం రోజులు నన్ను తినేసింది. వార్తలకి ఏ వయసు ముద్రా ఉండదు. దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది.

ఇంకో సంగతి కూడా ఆ పరిశోధనల్లోనే దొరికింది, ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు కనీసం అయిదారు రాత్రులు మిగిలేవి. ఇది నిజం కాదు అని చెప్పడం పెద్ద పిల్లలకి పనిచేస్తుంది, చిన్నవాళ్ళకి పెద్దగా పనిచేయదు. వాళ్ళకి చేత్తో పట్టుకునేది ఏదో కావాలి, దుప్పటో, బొమ్మో, అమ్మ ఒళ్ళో. అది చదివాక నేను వివరణలు మానేశాను. పడుకునే ముందు నా రెండు చేతులూ వాడి ముందు పెట్టి, లెక్కపెట్టుకో అన్నాను. పది వేళ్ళూ నొక్కాడు, తర్వాత వాళ్ళ నాన్నవి పది, అక్కవి పది. అక్క చక్కిలిగింతలని గోల చేసింది. ఆ రాత్రి లేవలేదు.

ఇక్కడ మీరు అనే మాట నాకు తెలుసు, తల్లిదండ్రులు పక్కనుండి చూసుకోవాలమ్మా అని. పక్కనే ఉన్నానండీ. పక్క సీట్లోనే ఉన్నాను. ఏం వస్తుందో తెలియకుండా పక్కన కూర్చుని ఏం చేయను? నేను కథ చెప్పేటప్పుడు వేరు. రాయిగా మారిన రాణి కథ నేనూ చెబుతాను, అందులో రాణి మావాడు ఎంత తట్టుకోగలడో అంతే రాయి. వాడి ముఖం చూస్తూ చెబుతాను, కనుబొమలు ముడిపడితే శాపాన్ని తొందరగా విప్పేస్తాను, నవ్వితే ఇంకో రాక్షసుణ్ణి దింపుతాను. తెరకి ఎదురుగా ఎవరున్నారో తెలియదు, ముప్ఫై ఏళ్ళవాడికీ అయిదేళ్ళవాడికీ అంతే పెద్ద ముఖం, అంతే గట్టి శబ్దం. అందుకే ముందుగా నాకు చెప్పాల్సింది మీరు.

మీరు మారలేదని అనడం లేదు, కదిలించినప్పుడు బాగానే కదిలారు. అమెరికాలో పీజీ 13 అనే ముద్ర, పదమూడేళ్ళ లోపువాళ్ళకి కొన్ని సీన్లు తగకపోవచ్చని చెప్పేది, పుట్టిందే ఇలాంటి గొడవలోంచి. 1984లో ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్, గ్రెమ్లిన్స్ అని రెండు సినిమాలు వచ్చాయి, రెండూ ఊహలతో అల్లినవే, రెండింటికీ పీజీ ఇచ్చారు, ఒకదాంట్లో మనిషి గుండెని చేత్తో బయటికి లాగుతారు. తల్లిదండ్రులు గోల పెట్టారు. మొదటిదానికి దర్శకుడు, రెండోదానికి నిర్మాతల్లో ఒకడు అయిన స్పీల్‌బర్గే మధ్యలో ఇంకో మెట్టు పెట్టమని సలహా ఇచ్చాడు, అదే ఏడాది జులైకల్లా పెట్టేశారు. బ్రిటన్‌లో 1989లో 12 అనే మెట్టు వచ్చింది. భారతదేశంలో 2023లో చట్టం సవరించి పెద్దవాళ్ళ తోడుతో చూడాలనే యూఏ ముద్రని 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు. సంతోషం. మెట్లు పెరిగాయి. కానీ మెట్టు మీద అంకె ఒక్కటే ఉంటే అది నాకు ఏం చెబుతుంది? ఏడేళ్ళవాళ్ళు అందరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండరు కదా. మా పక్కింటి పిల్ల నాలుగేళ్ళప్పుడే దయ్యాల సినిమాలు చూసి దయ్యానికే పేరు పెట్టి పిలిచేది, కుక్కపిల్ల తప్పిపోయే సినిమా చూసి మాత్రం జ్వరం తెచ్చుకుంది.

నేను అడిగేది ఒక్క వాక్యం. అంకె పక్కన, మామూలు భాషలో. "తల్లి పాత్ర పిల్లవాడి కళ్ళముందే రాయిగా మారుతుంది, చివర్లో మళ్ళీ మనిషవుతుంది." అంతే. "స్వల్ప భయానక దృశ్యాలు" అని రాస్తే ఏం లాభం, వాతావరణ సూచనలో అక్కడక్కడా చిరుజల్లులు అన్నట్టు. కథ ముందే తెలిసిపోతుందంటారా? ఆరేళ్ళవాడికి స్పాయిలర్ అనే మాటే లేదండీ, చూసిందే నలభైసార్లు చూస్తాడు, ముప్ఫై తొమ్మిదోసారి కూడా ఇప్పుడు పాము వస్తుంది చూడు అని మనకే చెబుతాడు. చివర్లో మళ్ళీ మనిషవుతుందని నాకు ముందే తెలిసి ఉంటే ఆ చీకట్లో వాడి చెవిలో ఆ ముక్క చెప్పేదాన్ని.

ఓటీటీ వాళ్ళూ, మిమ్మల్ని మర్చిపోలేదు. మీతో గొడవ ఇంకొంచెం పెద్దది.

సినిమా అయిపోగానే పేర్లు పడుతుంటే దాన్ని మూలకి అగ్గిపెట్టెంత చేసి, అయిదు, నాలుగు, మూడు అని లెక్కపెట్టి ఇంకోటి మొదలెట్టేస్తారే, అది పిల్లల ప్రొఫైల్లో కూడా ఎందుకు? ఒక సిరీస్ ఆఖరి భాగంలో హీరోతో మొదట్నుంచీ ఉన్న తోడేలు చచ్చిపోతుంది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగి, "అమ్మా, అది కావాలనే..." అంటూ మొదలుపెట్టింది. అప్పుడే మూడు, రెండు, ఒకటి. తెర నిండా గులాబీ రంగు, గంతులేస్తున్న కప్పలు, చెవులు గింగిర్లెత్తే పాట. నేను రిమోట్ వెతికి ఆపేలోపు దాని తల అటు తిరిగిపోయింది. తర్వాత అడిగితే "ఏం లేదులే, మర్చిపోయాను" అంది. ఆ వాక్యం నాకు ఇప్పటికీ బాకీ. ఫాంటసీలో అన్నిటికన్నా విలువైనది కథ అయిపోయాక వచ్చే ఆ రెండు నిమిషాలే అని నేననుకుంటాను, పిల్లలు అక్కడి నుంచి ఇక్కడికి నడిచొచ్చే దారి అది. సెట్టింగుల్లో ఆపుకోవచ్చు కదా అంటారు. ఆపాను. అప్‌డేట్ వచ్చాక మళ్ళీ మొదలైంది. పిల్లల ప్రొఫైల్ తెరిచేసరికే ఆగి ఉండాలి, కావాలనుకున్నవాళ్ళు పెట్టుకుంటారు.

ఇంకోటి. హ్యారీ పాటర్ సినిమాలు ఎనిమిది, 2001లో మొదలై 2011లో అయిపోయాయి. మొదటిదానికి అమెరికాలో పీజీ, చివరిదానికి పీజీ 13. పదకొండేళ్ళప్పుడు మొదటిది చూసినవాళ్ళు చివరిది చూసేసరికి ఓటేసే వయసు దాటేశారు, కథ చీకటి పడుతున్న కొద్దీ చూసేవాళ్ళూ ఎదుగుతూ వచ్చారు. ఇప్పుడవి ఒకదాని వెనక ఒకటి వరసలో ఉంటాయి. ఆరేళ్ళవాడు శనివారం పొద్దున మొదటిది మొదలుపెడితే, ఆ లెక్కపెట్టే డబ్బా పుణ్యమా అని, రాత్రికల్లా పీజీ 13 పడ్డ నాలుగోదాంట్లో ఉంటాడు. పదేళ్ళ ప్రయాణం రెండు రోజుల్లో. వరసలో ముద్ర మారిన చోట కనీసం ఆగి అడగొచ్చు కదా, ఇక్కడి నుంచి కథ ముదురుతుంది, పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఇంకా చూస్తున్నారా అని నన్ను అడగడం మాత్రం బాగా వచ్చు మీకు.

మీరు తలుచుకుంటే చేయగలరనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకేమాన్ ఒక భాగంలో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకి పన్నెండుసార్ల చొప్పున కొన్ని సెకన్లపాటు మిణుకుమిణుకుమన్నాయి. ఆ సాయంత్రం 600 మందికి పైగా పిల్లల్ని ఆసుపత్రులకి తీసుకెళ్ళారు, కొందరికి ఫిట్స్ కూడా వచ్చాయి. ఆ కార్యక్రమాన్ని నాలుగు నెలలు ఆపేశారు, ఛానళ్ళు కూర్చుని వెలుగులకి నియమాలు రాసుకున్నాయి, అప్పటినుంచి అక్కడి పిల్లల కార్యక్రమాల మొదట్లో గదిలో లైటు వేసుకుని, టీవీకి దూరంగా కూర్చుని చూడండి అన్న మాట వేయడం మామూలైంది. (ఈ మాట మా ఇంట్లో దుప్పట్లో దూరి ఫోన్ చూసే ఒక పెద్దమనిషికి కూడా వర్తిస్తుంది, వయసు నలభై రెండు.) ఒంటికి దెబ్బ తగిలితే ఇంత చేశారు. నిద్రకి తగిలిన దెబ్బ ఆసుపత్రి లెక్కల్లోకి రాదు కాబట్టి ఇంటివాళ్ళ బాధ్యత అయిపోయింది.

ఎంతసేపు చూడాలన్న దాని గురించి ఎక్కువ రాయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఏడాదిలోపు పిల్లలకి అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి గంట దాటకూడదు అని. చెప్పింది సబబే. మా అబ్బాయి ఆ వయసులో ఉన్నప్పుడు నేను దాన్ని ఎన్నిసార్లు తప్పానో లెక్కలేదు, జ్వరమొచ్చిన రోజులు, నాకు పని నెత్తిమీదికొచ్చిన రోజులు. ఒప్పుకుంటున్నాను. పరిశోధనలు కూడా రెండు వైపులా ఉన్నాయి. 2011లో నాలుగేళ్ళ పిల్లలు 60 మందితో చేసిన ఒకదాంట్లో, తొమ్మిది నిమిషాలు గబగబా పరిగెత్తే ఊహాలోకపు కార్టూన్ చూసినవాళ్ళు ఆ వెంటనే నిదానంగా ఆలోచించే పనుల్లో వెనకబడ్డారు. 2010లో ఇంగ్లండ్‌లో చేసిన ఇంకోదాంట్లో, మాయలూ మంత్రాలూ ఉన్న సన్నివేశాలు చూసిన నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలు కొత్తగా ఊహించే పరీక్షల్లో ముందున్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి, రెండూ మా హాల్లో రోజూ చూస్తుంటాను. సోఫా కుషన్లన్నీ కోట గోడలవుతాయి, చెప్పులు వేసుకోమంటే మాత్రం నాలుగుసార్లు చెప్పాలి.

సినిమాలు తీసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకీ ఒక మాట. చెడ్డవాడికి ముఖం మీద మచ్చ, మంత్రగత్తెకి వంకర ముక్కు, గూని, ఇంకెన్నాళ్ళు? కాంటర్ వాళ్ళే 1985లో ఒక ముసలామె కథ నాలుగు రకాలుగా తయారుచేసి పిల్లలకి చూపించారు, అందంగా ఉండి దయగా, అందంగా ఉండి క్రూరంగా, అలాగే అందవిహీనంగా రెండు రకాలూ. చిన్నపిల్లలు ఆమె చేసిన పనికన్నా ముఖానికే ఎక్కువ మార్కులేశారు. మావాడు ఒకసారి లిఫ్టులో ఒక పెద్దావిడని చూసి, ఆవిడ చెంప మీద కాలిన మచ్చ ఉంది, చప్పున నా వెనక్కి నక్కాడు. ఆవిడ చూసింది. చూసి, అలవాటైనదానిలా, తనే అటువైపు తిరిగి నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. మచ్చల్నే విలనీకి గుర్తుగా వాడే సినిమాలకి ఇక డబ్బు ఇవ్వబోమని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2018లో ప్రకటించింది. మిగిలిన వాళ్ళు కూడా ఆ పని చేయడానికి ఏం అడ్డమో నాకు తెలియడం లేదు.

మొన్న మావాడు అదే సినిమా మళ్ళీ పెట్టమన్నాడు. వాడికిప్పుడు ఏడు దగ్గర పడుతోంది. వద్దులే అన్నాను, కావాలి అన్నాడు, రిమోట్ నాకివ్వు అన్నాడు. ఇచ్చాను. ఎడమ చేత్తో నా బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు. రాణి వేళ్ళు రంగు మారడం మొదలవగానే పాజ్ నొక్కాడు. లేచి టీవీ దగ్గరికెళ్ళి ఆ బూడిద రంగు చేతిని చాలాసేపు చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని ప్లే చేశాడు, మణికట్టు దాకా రాగానే మళ్ళీ పాజ్. నిమిషం లేని సీను చూడటానికి మాకు పావుగంట పట్టింది. చివర్లో రాణి మళ్ళీ కదిలినప్పుడు నా వేలు వదిలేసి, "అక్కా, పామొచ్చే సీను పెట్టనా?" అని అరిచాడు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి